తూరా పెట్టెల్లో పరాయి పళ్ళు

ఎక్‌నెస్‌లో స్ట్రాబెర్రీలంటే తూరా పళ్ళే. వెట్టర్న్ సరస్సుకు దిగే దారి మలుపులో, ఒకప్పుడు పాలక్యాన్లు దింపే చెక్క అరుగు పక్కన ఆమె దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక నీలం బల్ల, పైన రేకు, వెనక స్టూలు మీద తూరా. అరవై దాటిన మనిషి. ఒళ్ళు గట్టిది, నోరు ఇంకా గట్టిది. పళ్ళు కొన్నవాళ్ళకు ఆమె చేతిలో ఒక మందలింపు కూడా దక్కేది.

"ఫ్రిజ్‌లో పెట్టకు. పెట్టావని తెలిస్తే రేపు నీకివ్వను."

"పంచదార దేనికి? నా పళ్ళకి ఏం తక్కువైందని?"

వేసవికి సరస్సు ఒడ్డు ఇళ్ళలో దిగే పట్నం వాళ్ళు ఆ మాటల్ని ఇంట్లో ఆమె గొంతుతోనే అనుకరించి నవ్వుకునేవాళ్ళు. మర్నాడు మళ్ళీ వచ్చి వరసలో నిలబడేవాళ్ళు.

భర్త స్తూరె బంగాళాదుంపలు పండించేవాడు, ఆమె స్ట్రాబెర్రీలు పండించేది. పెళ్ళయిన కొత్తలో అలా పంచుకున్న పని అలాగే ఉండిపోయింది. నడివేసవి పండుగకు ఊళ్ళో ప్రతి పళ్ళెంలోనూ వీళ్ళిద్దరి పంట పడేది. హెర్రింగ్ చేప పక్కన సోయికూర వేసి ఉడికించిన స్తూరె కొత్త దుంపలు, చివర్లో కేకు మీద తూరా పళ్ళు. పచ్చికబయల్లో ఊరి సంఘం అందరికీ పెట్టే కేకుల మీద ఇంకెవరి పళ్ళూ పడి ఎరగవు. ఆ సంగతి ఎవరూ పైకి అనకపోయినా తూరా మనసులో మాత్రం గట్టిగా ఉండేది. పండుగ నాడు నిలబెట్టే ఆకుల స్తంభం ఎవరెత్తారో, ఫిడేలు ఎవరు వాయించారో జనం మర్చిపోతారు, కేకు మర్చిపోరు అని ఆమె నమ్మకం.

ఆ ఏడు వసంతం ఎంతకీ రాలేదు. మే నెల చివర్లో పూత మీద గడ్డకట్టే చలి పడింది. తెల్ల గుడ్డలు కప్పినా ఆగలేదు, సగం పూలు నడిమధ్య నల్లబడిపోయాయి. జూన్ అంతా ముసురు. పండుగ వారం వచ్చేసరికి చేలో కాయలు బొటనవేలంత ఉన్నాయి కానీ ఒక్కదానికీ రంగు తిరగలేదు. తూరా రోజూ పొద్దున్నే వరసల మధ్య వంగి ఆకులు ఎత్తి చూసేది. పచ్చగా, తెల్లగా, రాళ్ళలా ఉండేవి.

దారికి అవతల దీసా చేను. ముప్పై ఏళ్ళ పిల్ల, రెండేళ్ళ కిందట పట్నంలో ఉద్యోగం మానేసి వచ్చి, ఒక ముసలాయన వదిలేసిన చేను కొని స్ట్రాబెర్రీలు వేసింది. ఊరు ఆమెను ఇంకా తమ మనిషిగా లెక్కలోకి తీసుకోలేదు. పండుగకు నాలుగు రోజులుందనగా దీసా తన బల్ల మీద పలక ఆనించి ఇలా రాసింది: "ఇంకా పండలేదు. క్షమించండి. వచ్చేవారం రండి."

తూరా ఆ పలక చదివి, స్తూరెతో అంది, "చూశావా? పండుగకి పళ్ళు లేవట. ఆ మాత్రానికి వ్యవసాయం ఎందుకు?"

స్తూరె ఆమె మొహంలోకి చూశాడు. "మనకి మాత్రం ఉన్నాయా?"

ఆమె బల్ల తుడవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే ఎబ్బె సైకిలు మీద వచ్చాడు. రిటైరైన బడి పంతులు, ఊరి సంఘం పెద్ద, పండుగ పనులన్నీ ఆయన నెత్తి మీదే. సైకిలు దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి అడిగాడు.

"తూరా, పళ్ళు మామూలేనా?"

"మామూలు కానిది ఎప్పుడు చూశావ్?"

"అదేం కాదు, చలి ఎక్కువైంది కదా, అందుకని. లేకపోతే లేవని చెప్పు, పట్నం నుంచి ఏదో ఒకటి తెప్పిస్తాను."

లేవు అనడానికి ఒక్క క్షణం పట్టేది. ఆ క్షణంలో ఆమెకు దారికి అవతలి పలక కనిపించింది. అలాంటి పలక తన బల్ల మీద ఉండటం ఊహకు అందలేదు.

"నా చేను సంగతి నేను చూసుకుంటాను గానీ, నువ్వెళ్ళి నీ ఫిడేళ్ళ వాళ్ళు తాగి పడిపోకుండా చూసుకో," అంది.

ఎబ్బె నవ్వి వెళ్ళిపోయాడు. స్తూరె దుంపల గట్టు మీంచి ఇదంతా విన్నాడు. రాత్రి భోజనం దగ్గర, "లేవని చెప్పేస్తే ఏం పోయేది?" అన్నాడు.

"వాళ్ళు పట్నం దుకాణం పళ్ళు తెచ్చి వేసేవాళ్ళు. నడివేసవికి, ఎక్‌నెస్‌లో, దుకాణం పళ్ళు."

ఆ మాట అన్న మర్నాడే ఆమె స్తూరెను వ్యాను తీయమని, యోన్‌చెపింగ్ పట్నంలోని టోకు బజారుకు తీసుకెళ్ళమంది. ఆయన ఎందుకని అడగలేదు. బజారులో బెల్జియం పళ్ళు ప్లాస్టిక్ డబ్బాల్లో మెరుస్తున్నాయి. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు. తూరా ఒకటి కొరికి చూసింది. నీళ్ళు. లోపల తెల్లగా, నడుమ డొల్లగా ఉంది. మిగిలిన సగం ఆమె కోటు జేబులో వేసుకుంది, పారేస్తే ఎవరైనా చూస్తారేమోనని.

ఇంటికి వచ్చాక కొట్టం తలుపు లోపల గడియ పెట్టుకుంది. ప్లాస్టిక్ డబ్బాలు ఒక్కొక్కటే విప్పి, పళ్ళను తన అట్టపెట్టెల్లోకి మార్చింది. మరీ నిగనిగలాడే వాటిని అడుగున వేసింది. అన్నీ ఒకే కొలతలో ఉంటే అనుమానం వస్తుందని పెద్దవీ చిన్నవీ కలిపింది. అయినా ఏదో తేడాగా కనిపించింది. అప్పుడు చేలోకి వెళ్ళి, మొక్కల కింద పరిచిన ఎండుగడ్డి గుప్పెడు తెచ్చి, ప్రతి పెట్టెలోనూ ఒకటి రెండు పరకలు పడేసింది. ఆ గడ్డిపరకలతో అవి ఆమె పళ్ళయిపోయాయి.

స్తూరె కిటికీలోంచి చూశాడు. "గడ్డి కూడానా తూరా?" అన్నాడు మెల్లిగా, అంతే. వెళ్ళి తన దుంపలు తవ్వుకున్నాడు. తర్వాత ఏళ్ళ తరబడి ఆమెకు ఆ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకున్నది ఆ మాటే.

శుక్రవారం పండుగ. పొద్దున్న నీలం బల్ల ముందు కార్లు మలుపు దాటి నిలిచాయి. "తూరా దగ్గర ఉన్నాయట" అన్న కబురు అప్పటికే ఊరంతా పాకింది. ఒక్కొక్కళ్ళూ పెట్టె చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఇదీ వేసవంటే" అన్నారు. ఒకావిడ గడ్డిపరక తీసి పక్కనున్న పట్నం చుట్టానికి చూపించి, "చేలోంచి సరాసరి వచ్చాయి, చూశావా" అంది. తూరా ఆ రోజు ఎవరినీ మందలించలేదు. ఫ్రిజ్ మాట ఎత్తలేదు. అలసిపోయిందేమో పాపం అనుకున్నారు.

మధ్యాహ్నం పచ్చికబయల్లో బిర్చి చెట్టు రెమ్మలు చుట్టిన స్తంభాన్ని మగవాళ్ళు కేకలు వేసుకుంటూ నిలబెట్టారు. మామూలుగానే వాన పడింది, మామూలుగానే ఎవరూ కదల్లేదు. పిల్లలూ పెద్దలూ చేతులు పట్టుకుని స్తంభం చుట్టూ తిరిగారు, కప్పల్లా గెంతారు. తలల మీద పూల కిరీటాలు తడిసి వంగాయి. తర్వాత గుడారం కింద బల్లల మీదికి కేకులు వచ్చాయి. తెల్లటి మీగడ మీద ఎర్రగా పళ్ళు. ఎబ్బె లేచి, "చలైనా వానైనా తూరా ఉంది కాబట్టి మనకి కేకుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తూరా పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. ఆమె చెవులు కాలిపోయాయి.

చప్పట్లతో ఆగిపోయినా బాగుండేది. కారు షెడ్డు నడిపే హిల్డింగ్ అప్పటికి నాలుగైదు చిన్న గ్లాసులు లోపలికి దింపాడు. బల్ల చివర కూర్చున్న దీసా వైపు తిరిగి గొంతు పెంచాడు.

"ఏమ్మా దీసా, నీ పలక ఏమంటోంది? ఇంకా పండలేదా?"

కొందరు నవ్వారు.

"అదే నేల, అదే వాన, మధ్యలో ఒక్క దారే గదా అడ్డం. నీ దగ్గరికొచ్చేసరికి ఎండ దారి తప్పుతుందా ఏమిటి? కంప్యూటర్లో చూసి వ్యవసాయం చేస్తే కాయలు కూడా తెర మీదే పండుతాయి."

ఈసారి బల్లంతా నవ్వింది. దీసా కూడా నవ్వబోయింది. పెదవులు ఒక పక్కకి లాగి ఆగిపోయాయి. చెంచా తీసుకుని కేకు మీది పండును మీగడలోకి నొక్కుతూ కూర్చుంది.

తూరాకు నోరు తెరవాలని తెలుసు. ఆ బల్ల దగ్గర నిజం తెలిసిన మనిషి తనొక్కతే అనుకుంది. పక్కన స్తూరె ఉన్నాడు గానీ, ఆయన ఆమె తరఫున నోరు విప్పే మనిషి కాదు, ఆమెకు వ్యతిరేకంగా అసలే కాదు. ఆమె కాఫీ పోసుకోవడానికి లేచింది. అది పారిపోవడమని లేస్తుండగానే తెలిసింది.

కాఫీ బల్ల దగ్గరికి దీసా వెంట వచ్చింది. తడిసిన జుట్టు, పాదాలకు రబ్బరు బూట్లు.

"తూరా, ఒకటి అడగొచ్చా? కోప్పడకండి. మీరు ఎలా పండించారు? నేను గుడ్డలు కప్పాను, తీశాను, మళ్ళీ కప్పాను. అన్నీ చేశాను. ఏదో నాకు తెలీనిది ఉంది. ఈ ఏడు పంట పోతే..." అని ఆగింది. "ఊరికే దెప్పుతున్నారని కాదు. నిజంగా నేర్చుకోవాలని అడుగుతున్నా."

ఇక్కడైనా చెప్పి ఉండొచ్చు. చుట్టూ ఎవరూ లేరు. తూరా చెయ్యి కాఫీ కుండ మీద ఉంది. ఆమె నోటి నుంచి తనకే తెలియని సలహా ఒకటి బయటికి వచ్చింది.

"గుడ్డ చాలదు. గుడ్డ మీద ప్లాస్టిక్ పట్టా పరచాలి. వెచ్చదనం లోపలే ఉంటుంది. రెండు మూడు రోజులు కదపకూడదు."

"ప్లాస్టిక్కా? తడి పట్టదూ?"

"నేను చెయ్యలా?" అంది తూరా, కొంచెం కరుకుగా.

"అయ్యో, అనుమానం కాదు," అని దీసా ఆమె చెయ్యి నొక్కింది. "థాంక్స్. ఈ ఊళ్ళో నాకెవరూ ఏమీ చెప్పరు. మీరు చెప్పారు."

శనివారం మబ్బు విడిపోయింది. ఆదివారం నుంచి, నెలంతా దాక్కున్న ఎండ ఒక్కసారిగా మీద పడ్డట్టు కాసింది. తూరా చేలో కాయలు చూస్తుండగానే రంగు తిరగడం మొదలుపెట్టాయి. ఆమె తల ఎత్తితే దారికి అవతల దీసా చేను పొడుగునా ప్లాస్టిక్ పట్టాలు సరస్సులా మెరుస్తున్నాయి.

వెళ్ళి చెప్పాలి, తీసెయ్యమనాలి. సైకిలు ఎక్కింది కూడా. దీసా గేటు దగ్గరికి వచ్చి, ఏమని చెప్పాలో తోచక, ముందుకే తొక్కుకుంటూ పోయింది. ఊరి దుకాణంలో అక్కర్లేని ఈస్టు కొనుక్కుని ఇంకో దారిన ఇంటికొచ్చింది. ఆ పిల్లకే తెలుస్తుందిలే, ఎండ చూసి తనే తీసేస్తుంది అని రోజంతా తనకు తాను చెప్పుకుంది. సోమవారమూ అదే చెప్పుకుంది. పట్టాలు అలాగే మెరుస్తూ ఉన్నాయి. చెప్పిన మాట తప్పకూడదని ఆ పిల్ల వాటిని తాకలేదు.

మంగళవారం పొద్దున తూరా నడిచే వెళ్ళింది. దీసా వరసల మధ్య మోకాళ్ళ మీద ఉంది. పట్టాలు ఒక పక్కకు లాగేసి ఉన్నాయి. కింద గుడ్డలు తడిసి ముద్దయ్యాయి. ఆకుల మధ్య కాయలన్నీ బూడిద రంగు బూజు కప్పుకుని, ఎలుక పిల్లల్లా మెత్తగా వేలాడుతున్నాయి. పుల్లటి వాసన.

తూరాను చూసి దీసా లేచి నిలబడింది. ఆమె ముందుగా అన్న మాట, "సారీ తూరా. నేనే సరిగా కప్పినట్టు లేను. అంచులు బిగించాలేమో, మీరు చెప్పినప్పుడు అడగాల్సింది."

తూరా పక్కనున్న బోర్లించిన పెట్టె మీద కూర్చుంది.

"నువ్వు సరిగానే కప్పావు. కప్పమన్నదే అబద్ధం."

దీసాకు అర్థం కాలేదు.

"నేను ఎప్పుడూ ప్లాస్టిక్ పరచలేదు. నా పళ్ళు పండలేదు. అవి బెల్జియం పళ్ళు. బజారులో కొని నా పెట్టెల్లో పోశాను. పైన గడ్డి వేశాను." గడ్డి సంగతి చెప్పక్కర్లేదు, అయినా చెప్పింది. "నువ్వడిగితే ఏదో ఒకటి అనాలి గదా అని అనేశాను."

దీసా తన చేతివైపు చూసుకుంది. చేతిలో బూజు పట్టిన కాయ ఒకటి ఉంది. దాన్ని తొట్టిలో వేసింది.

"ఆదివారం మీరు సైకిలు మీద వెళ్ళడం చూశాను," అంది చివరికి. "చెయ్యి ఊపాను."

"నేను చూళ్ళేదు."

"చూశారు."

తూరా తల దించుకుంది. నిజమే, చూసింది.

"వాళ్ళు నవ్వుతుంటే మీరక్కడే కూర్చున్నారు," అంది దీసా. గొంతు పెంచలేదు. "మా అమ్మ ఎదురుగా నవ్వారు. పండుగకని పిలిపించుకున్నాను అమ్మని. మీరిప్పుడు వెళ్ళండి తూరా. నాకు పనుంది."

తూరా వెళ్ళింది. ఇంటికి కాదు, ఎబ్బె ఇంటికి. ఆయన వరండాలో పండుగ జెండాలు ఆరబెట్టుకుంటున్నాడు. ఆమె నిలబడే అంతా చెప్పేసింది. ఎబ్బె జెండాను నిదానంగా మడత పెట్టాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"కొరికితే డొల్లగా ఉంది తూరా. ఇన్నేళ్ళుగా నీ పళ్ళు తింటున్నాం, ఆ మాత్రం నాలుకకి తెలీదా? నా భార్యకీ తెలిసింది. ఇంకొందరికీ తెలిసే ఉంటుంది. పండుగ పూట ఎందుకులే అని ఊరుకున్నాం. నీ పరువు..."

"తెలిసే చప్పట్లు కొట్టించావా?"

"అప్పటికి తినలేదు. కేకు తిన్నది తర్వాత గదా."

"తిన్న తర్వాతే హిల్డింగ్ ఆ పిల్లని ఆడుకున్నాడు. తెలిసి ఊరుకున్నావా?"

"నువ్వూ ఊరుకున్నావుగా," అన్నాడు ఎబ్బె. అని, అలా అన్నందుకు ఆయనే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బల్ల చుట్టూ కూర్చున్న మొహాలన్నీ ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నమ్మి తిన్నారనుకుంది. వాళ్ళలో ఎంతమంది తెలిసి, జాలిపడి, మర్యాదకి మింగారో. నమ్మినవాళ్ళ ముందు సిగ్గుపడటం వేరు. దీని పేరేమిటో ఆమెకు తెలియలేదు.

"ఇప్పుడు ఎవరికీ చెప్పకు," అన్నాడు ఎబ్బె. "అయిపోయింది గదా. వచ్చే ఏడాదికి ఎవరికి గుర్తుంటుంది?"

"దీసాకి గుర్తుంటుంది."

గురువారం సాయంత్రం పండుగ లెక్కలూ గుడారాలూ సర్దుకోవడానికి సంఘం వాళ్ళు ఊరి హాల్లో కాఫీకి కలిశారు. హిల్డింగ్ ఉన్నాడు. దీసా రాలేదు. అందరి కప్పులూ నిండాక తూరా లేచి, బల్ల అంచు పట్టుకుని చెప్పింది. పళ్ళు ఎక్కడివో, దీసాకు ఏం చెప్పిందో, దీసా చేను ఏమైందో. పొడుగ్గా చెప్పలేదు. సాకులూ చెప్పలేదు.

ఆమె తిట్లకు సిద్ధపడి వచ్చింది. తిట్లు ఉంటే వాటికి ఎదురు నిలబడొచ్చు. వీళ్ళు కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఒకావిడ బన్నుల పళ్ళెం పక్కవాళ్ళకు అందించింది. ఎవరో కుర్చీ సర్దుకున్నారు. చివరికి హిల్డింగే కదిలాడు.

"అయితే మనం తిన్నది బెల్జియం కేకన్నమాట," అన్నాడు.

"ఆ పిల్లకి ఓ మాట చెప్పు హిల్డింగ్," అంది తూరా.

"నేనేం చేశాను? నాకేం తెలుసు?" అని ఆయన తన బన్ను వైపు తిరిగాడు. చెప్పలేదు. ఆ ఏడే కాదు, తర్వాతా చెప్పలేదు.

ఆ వారంలో తూరా చేను పండింది. ముందెప్పుడూ లేనంత తీపి, చలికి ఆలస్యంగా పండిన తీపి. నీలం బల్ల దగ్గర కార్లు నెమ్మదించేవి, లోపలివాళ్ళు ఆమె వైపు చెయ్యి ఊపి ముందుకు పోయేవాళ్ళు. కొన్నవాళ్ళు కూడా పెట్టె తీసుకుని, ఒక పండు అటూ ఇటూ తిప్పి చూసి, చూశామని ఆమె గమనించిందేమోనని ఇబ్బంది పడేవాళ్ళు. అమ్ముడుపోనివి సాయంత్రం స్తూరె ముందు పెట్టేది. ఆయన గిన్నెడు తిని, "బాగున్నాయి" అనేవాడు. ఆమె లేచి వెళ్ళిపోయేది.

పొద్దున కోత అయ్యాక ఆమె దీసా చేలోకి వెళ్ళేది. పిలవలేదు, అడగలేదు. చివరి వరస నుంచి మొదలుపెట్టి బూజు కాయలు ఏరి తొట్టిలో వేసేది, బూజు పక్క మొక్కలకు పాకకుండా. మొదటి రోజు దీసా ఆమెను చూసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత వెళ్ళిపోవడం మానేసింది, అవతలి చివర నుంచి తన పని తను చేసుకునేది. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. తూరాకు అది సబబుగానే తోచింది. ఒక రోజు ఇద్దరూ ఒకే వరసలో ఎదురుపడ్డారు.

"ఈ మొక్కలు బతుకుతాయా?" అంది దీసా, మొహం చూడకుండా.

తూరా ఒక మొక్క మొదలు వేళ్ళతో తడిమింది. "తెలీదు. వేరు బాగుంది. ఆకులు కోసేస్తే బతకొచ్చు. బతుకుతాయని మాత్రం అనను."

"సరే," అంది దీసా. కత్తెర తెచ్చుకుంది.

సగానికి పైగా బతికాయి.

తర్వాతి ఏడు నడివేసవికి వారం ముందే పళ్ళు పండాయి. కేకుల కోసం ఎబ్బె రెండు చేల నుంచీ సగం సగం తీసుకున్నాడు. పండుగ పొద్దున తూరా ఇంట్లోనే ఉండిపోదామనుకుంది. స్తూరె ఆమె రబ్బరు బూట్లు తెచ్చి గడప దగ్గర పెట్టి, దుంపల బస్తా మోసుకుని ముందు నడిచాడు. ఆడవాళ్ళు పచ్చికబయల్లో పడుకోబెట్టిన స్తంభానికి ఆకులు చుడుతున్నారు. ఆమె రాగానే మాటలు ఒకసారి ఆగి, మళ్ళీ సాగాయి. ఎవరో ఆమె చేతికి బిర్చి రెమ్మల కట్ట ఇచ్చారు.

తాళ్ళు తెస్తున్న హిల్డింగ్ ఆగి అన్నాడు, "చూసి కట్టండమ్మా, అవి మన అడవివో, బెల్జియంవో."

పచ్చికబయలంతా నవ్వింది. తూరా మొహంలోకి రక్తం ఎగదన్నింది. మెడ దాకా కాలిపోతుంటే ఆమె కూడా నవ్వింది, అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా. ఆ హాస్యం ఊళ్ళో నిలిచిపోయింది. ఏటా ఎవరో ఒకరు అంటారు, పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే అంటారు. ఆమె నవ్వుతుంది. ప్రతిసారీ చెవులు కాలతాయి.

స్తంభానికి అవతలి వైపు తాడు పట్టుకున్న దీసా ఆ రోజు నవ్వలేదు. "ఆ తాడు కొస ఇటివ్వండి తూరా, జారుతోంది," అంది. తూరా ఇచ్చింది. ఇద్దరూ ఆకులు చుట్టుకుంటూ స్తంభం పై కొసదాకా వెళ్ళారు.